నిజాం గారి ఓడ ఎక్కడికి పోయింది?

(మన సంఘం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శాఖల ఉమ్మడి వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను వృద్ధాప్యంలో ఆహార నియమాల గురించి మాట్లాడమన్నారు. షుగరు, బీపీ రెండూ ఉన్నవాణ్ణి, మొన్న పెళ్ళిభోజనంలో మూడు బొబ్బట్లు తిన్నవాణ్ణి. నాకు ఆ అర్హత లేదని మనవి చేసుకొని వేరే విషయం అడిగి తీసుకున్నాను. విషయం యుద్ధ విమానాలు, యుద్ధ నౌకలు. మూసీ ఒడ్డున ఉన్న మనకు ఓడల గొడవ ఎందుకని మీరు నవ్వవచ్చు. నేను క్లాసులో చెప్పిన ఒక అబద్ధాన్ని దిద్దుకోవడానికి ఈ అవకాశం వాడుకుంటున్నాను.

మొన్నటి చలికాలంలో మనవాళ్ళం పద్దెనిమిది మందిమి విశాఖపట్నం యాత్రకు పోయాం గదా. బీచిలో ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపలికి వంగి వంగి వెళ్ళి వచ్చాం. మోకాళ్ళ నొప్పులవాళ్ళు బయటే కూర్చున్నారు. మా మిత్రుడొకాయన అక్కడి నుండే మనవడికి ఫోను చేసి, "పాకిస్తాన్ వాళ్ళ ఘాజీని ముంచింది ఇదేరా" అని చెబుతున్నాడు. మాకు ఊరు చూపించడానికి వచ్చిన నా పాత శిష్యుడొకడు పక్కనే ఉన్నాడు. నౌకాదళంలో చాలాకాలం పనిచేసి రిటైరై విశాఖలోనే స్థిరపడ్డాడు. మర్యాదగా అందుకొని, "కాదండీ, 1971 యుద్ధంలో ఇది అరేబియా సముద్రంలో ఉంది. ఘాజీ మునిగింది ఇక్కడ, విశాఖ బయట" అన్నాడు.

ఘాజీ 1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటాక మునిగింది. అది మొదట అమెరికా వాళ్ళ జలాంతర్గామి, అప్పటి పేరు డయాబ్లో. అది వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్ ఆ వేళ విశాఖలోనే లేదు, అండమాన్ల వైపు ఉంది. విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువును నమ్మించడం మన తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ గారి ఎత్తుగడ. ఎలా మునిగిందన్న దాని మీద మాత్రం ఈనాటికీ రెండు మాటలున్నాయి. మన రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరు వేసిన నీటి బాంబుల వల్ల అని మనవాళ్ళు, సొంత మందుపాతరల వల్లో లోపలి పేలుడు వల్లో అని వాళ్ళు. 2017లో వచ్చిన సినిమాలో మన జలాంతర్గామి ఎదురుపడి పోరాడినట్లు చూపించారు. బాగా తీశారు. కానీ అది సినిమా కథ.

తర్వాత టీ తాగుతూ ఆ శిష్యుడు నన్నడిగాడు. "సార్, మిర్యాలగూడలో మాకు తొమ్మిదో తరగతిలో నిజాం గారి యుద్ధనౌక గురించి చెప్పారు. హైదరాబాదు డబ్బుతో కట్టి, హైదరాబాదు మనుషులే నడిపారని, పోలీసు చర్య నాడు గోవాలో దాచారని చెప్పారు. ఆ ఓడ చూడాలనే నేను నేవీలో చేరాను. ఇన్నేళ్ళు అడగని మనిషి లేడు. ఎక్కడుంది సార్ అది?"

నాకు నోట మాట రాలేదు. అది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా నాయన చెబితే విన్నాను, పిల్లలు నోళ్ళు తెరుచుకొని వింటున్నారని ప్రతి ఏడూ చెప్పాను. గోవా ముచ్చట నేను కలిపిందే. నిజాం మర్మగోవా రేవు మీద కన్నేసిన మాట నిజం. దానికి ఓడను నేనే తగిలించాను.

ఇంటికి వచ్చాక మనవరాలిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టుకొని వెతికించాను. చెప్పుకోవలసింది చాలా దొరికింది.

నిజాం పేరుతో యుద్ధనౌక ఒకటి నిజంగానే ఉంది. స్కాట్లాండులో జాన్ బ్రౌన్ కంపెనీ కట్టింది. 1940 జూలైలో నీళ్ళలోకి దించారు, 1941 జనవరిలో కొలువులో చేరింది. 356 అడుగుల పొడవున్న డిస్ట్రాయరు. ఆ తరగతి ఓడలన్నిటికీ ఎన్ అక్షరంతో మొదలయ్యే పేర్లే పెట్టారు, నేపియర్, నెస్టర్, నార్మన్, నేపాల్ అని. ఆ వరసలో మన నిజాం ఒకటి. ఓడ సొత్తు బ్రిటిషువారిది, నడిపింది ఆస్ట్రేలియా నావికులు. 1941లో క్రీటు ద్వీపం నుండి సైనికులను తప్పించింది, ముట్టడిలో ఉన్న టోబ్రూక్ రేవుకు సామాను చేరవేసింది, తర్వాత మన హిందూ మహాసముద్రంలో తిరిగింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి మూలన ఒక పెద్ద అల కొట్టి ఓడ పక్కకు ఒరిగిపోతే పదిమంది నావికులు కొట్టుకుపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగిన రోజు టోక్యో అఖాతంలో ఈ ఓడ ఉంది. ఆ అక్టోబరులో బ్రిటిషువారికి తిరిగి అప్పగించారు, 1955లో విరగ్గొట్టడానికి అమ్మారు. పోలీసు చర్య నాటికి దానికీ హైదరాబాదుకూ పేరు తప్ప ఏ సంబంధమూ లేదు.

మన వాడపల్లి దగ్గర ఒక పెద్దమనిషి ఇంకో ముచ్చట చెప్పేవాడు. నిజాం ఓడ కృష్ణలో ఎదురు వచ్చి మూసీ సంగమం దగ్గర లంగరు వేస్తుందని రజాకార్లు చెప్పుకునేవారట. బెజవాడ దగ్గర ఆనకట్ట 1850లలోనే కట్టారు. 356 అడుగుల ఓడ దాన్ని ఎట్లా దాటుతుంది? ఎండాకాలంలో మన కృష్ణలో పుట్టి పోవడానికే నీళ్ళు చాలవు. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయని ఖాసిం రజ్వీ ఉపన్యాసాలు దంచుతున్న రోజులవి, కాబట్టి నమ్మినవాళ్ళను తప్పు పట్టలేం.

ఇక విమానాలు. నిజాం మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారికి విమానాలు కొనిపెట్టాడు. 110వ స్క్వాడ్రనుకు 1918లో ఇచ్చిన డీహెచ్ 9ఏ రకం విమానాలు ఆయన బహుమతి. ఒక్కొక్క దాని మీద దాత పేరు, నంబరు రాశారు. వాటిలో ఒకటి, "హైదరాబాదు 12ఏ" అన్నది, ఆ అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియంకు పోయి, రెండో యుద్ధం తర్వాత పోలెండులో తేలి, 1977లో లండన్‌లోని వైమానికదళ మ్యూజియంకు చేరింది. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాదు పేరు ఉండేది. మొదటిది స్పిట్‌ఫైర్లతో, రెండోది హరికేన్లతో 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్లతో తలపడ్డాయి. 152వ దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, "నమ్మకమైన మిత్రుడు" అన్న మాట ఉంటుంది.

దీన్నిబట్టి నిజాంకు సొంత వైమానిక దళం ఉందని మన పల్లెల్లో గట్టి నమ్మకం ఏర్పడింది. మనం గుడికి ఫ్యాను ఇచ్చి దాని రెక్క మీద పేరు రాయిస్తాం గదా. ఫ్యాను గుడిదే, తిప్పేది పూజారే. కరెంటు పోయినప్పుడు ఆ ఫ్యాను మన ఇంటికి రాదు. ఆ డబ్బు ఖజానాదైనా, సర్ఫేఖాస్‌దైనా, మొదట అది రైతు కట్టిన శిస్తే. యుద్ధకాలంలో లెవీ ధాన్యం కింద గాదెలు ఊడ్చి ఇచ్చిన ఊళ్ళు మనవి. ఆ లెక్కన చూస్తే రెక్క మీద మా తాత పేరు కూడా ఉండవలసింది, పోనివ్వండి.

ఈ నమ్మకం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. 1948 సెప్టెంబరులో నాకు ఆరేళ్ళు. మా ఊరు సూర్యాపేటకు దగ్గరే. రజాకార్ల భయానికి చాలామంది సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోయారు. మేమూ బండి కట్టుకున్నాం. నిజాం విమానాలు బెజవాడ దారి మీద బాంబులు వేస్తున్నాయని ఎవరో అన్నారు. మా నాయనమ్మ బండి దిగి కూర్చుంది. ప్రయాణం ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత నిజంగానే విమానాలు వచ్చాయి, చాలా కిందుగా, చెవులు పగిలే చప్పుడుతో. నిజాం విమానాలేనని ఊరంతా జొన్నచేలలో దూరింది. వాన. మూడు రాత్రులు చేనులోనే ఉన్నాం. మా అమ్మ చేతిలో నెలలోపు చెల్లెలు, ఇంకా తొట్టెల కూడా వేయలేదు. జ్వరం వచ్చి మూడో రాత్రి పోయింది.

ఆ విమానాలు భారత సైన్యానివి. టెంపెస్ట్ రకం, ఒక ఇంజను, ఒకే మనిషి కూర్చునేవి. నిజాంకు పోరాడే విమానం ఒక్కటి కూడా లేదు. డెక్కన్ ఎయిర్‌వేస్ ఉండేది గానీ అది ప్రయాణికుల డకోటాలు నడిపే కంపెనీ. మేం ఎవరికోసం ఎదురుచూస్తున్నామో వాళ్ళ విమానాలకే దాక్కున్నాం. మా నాయన చివరిదాకా అవి నిజాంవే అన్నాడు. నేనూ ఎదురు చెప్పలేదు. ఆయనకు ఆ మాట అవసరమని ఇప్పుడు నాకు తోస్తుంది.

కోదాడ మిత్రులకు తెలిసిందే, బెజవాడ వైపు నుండి వచ్చిన దళం సెప్టెంబరు 13 ఉదయానికి కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. ఎదురు వచ్చిన హైదరాబాదు సైన్యం దగ్గర సాయుధ కార్లున్నాయి, తలమీద కాపు కాసే విమానం లేదు. సూర్యాపేట దగ్గర కాపు వేసిన వాళ్ళ మీద టెంపెస్టులు దాడి చేశాయి, 15 నాటికి పట్టణం భారత సైన్యం చేతికి వచ్చింది. మూసీ మీది వంతెనను విమానాలు కూల్చాయని మనలో చాలామంది చెబుతారు. నేనూ చెప్పాను. కూల్చింది వెనక్కి పోతున్న హైదరాబాదు సైన్యమే, వెంటబడి వచ్చేవాళ్ళను ఆలస్యం చేయడానికి. అక్కడ కాపలా పెట్టకుండా పోయారు గనుక భారత సైన్యం త్వరలోనే బాగుచేసుకొని దాటింది.

ఒక్క విషయంలో మాత్రం పుకారుకు కొంత ఆధారం ఉంది. రాత్రిళ్ళు పెద్ద విమానాలు దిగేవని పెద్దలు చెప్పేది నిజం. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానికుడు కరాచీ నుండి ఆయుధాలు చేరవేసేవాడు. ఆయన వాడిన లాంకాస్ట్రియన్లు నాలుగు ఇంజన్లవి, లాంకాస్టర్ బాంబరునే మార్చి ప్రయాణికుల కోసం తయారుచేసినవి. చూసినవాళ్ళు బాంబర్లనుకోవడంలో వింత లేదు. వాటిలో తుపాకులు వచ్చాయి గానీ బాంబులు వేసే ఏర్పాటు లేదు. తర్వాత బ్రిటన్‌లో ఆయన మీద కేసు నడిచి 200 పౌన్లు జరిమానా పడింది. అంతే.

ఇదంతా పోయిన నెల మా శిష్యుడికి ఫోనులో చెప్పాను. నేను క్లాసులో చెప్పింది తప్పని, క్షమించమని అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

"అయితే ఓడ ఉంది గదా సార్" అన్నాడు.

"ఉంది నాయనా. మనది కాదు. ఇప్పుడు లేదు కూడా."

"ఆ పదిమంది, అలకు కొట్టుకుపోయినవాళ్ళు, వాళ్ళ పేర్లు ఎక్కడైనా రాశారా సార్?"

కాన్‌బెరాలోని యుద్ధ స్మారక భవనంలో యుద్ధాలలో పోయిన ఆస్ట్రేలియా వాళ్ళ పేర్లు కంచు పలకల మీద వరసగా రాసి పెట్టారని మనవరాలు చదివి చెప్పింది. అదే అతనికి చెప్పాను. కూతురు సిడ్నీలో ఉందట, ఈసారి పోయినప్పుడు చూసి వస్తానన్నాడు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. భోజనాలు సిద్ధమైనట్లున్నాయి. సెలవు. నమస్కారం.