ఫోన్‌లో థెరపీ: మా బాబు అనుభవం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయేవి. థెరపీ కోసం జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్తే ఆ రోజు కూలి పోయేది. మధ్యలో మానేశాను. 2020 లాక్‌డౌన్‌లో ఫిజియోథెరపీ మేడమ్ వీడియో కాల్‌లో నేర్పిస్తానన్నారు. "ఫోన్ల వైద్యమేంది?" అని మా అత్తమ్మ నవ్వింది.

మొదటి కాల్‌లోనే నా తప్పు దొరికింది. బిగిసిన కాలిని నేను బలంగా లాగుతున్నా. "లాగొద్దమ్మా, లాగితే ఇంకా బిగుస్తుంది. మోకాలు మెల్లగా వంచు, వదులయ్యాక చాపు" అన్నారు. ఆస్పత్రిలో ఆమె చేసేది నేను చూసేదాన్ని. ఫోన్‌లో నేను చేసేది ఆమె చూశారు. రోజూ చేయించాను. ఇప్పుడు వాడు గోడకి ఆనుకుని కూర్చుని తన చేత్తో అన్నం తింటున్నాడు.

కాల్ అప్పుడు ఫోన్ చేత్తో పట్టుకోకండి. బిడ్డ ఒళ్లంతా కనబడేలా ఆనించి పెట్టండి. తిన్న వెంటనే చేయించొద్దు. నొప్పితో ఏడిస్తే ఆపేయండి. మొదటి పరీక్షకి, కాలిపర్ కొలతలకి మాత్రం ఆస్పత్రికి పోవాల్సిందే.

సమాఖ్యని ఒక్కటే అడుగుతున్నా. ఫోన్ లేని తల్లికి వారానికి అరగంట గ్రామ సంఘం ఫోన్ ఇప్పించండి. మా ఊళ్లో ఇలాంటి పిల్లలు ఇంకో ఇద్దరున్నారు. ఆ ఇళ్లకు నేనే వెళ్లి చూపిస్తాను. సెలవు.