గడియారపు ముల్లూ పొద్దూ: వేసవి సమయం చరిత్ర

అరిజోనాలో అధిక భాగాన్నీ హవాయినీ మినహాయిస్తే, అమెరికా రాష్ట్రాలన్నిటా ఏటా మార్చి రెండవ ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలు కావలసిన క్షణాన గడియారం మూడు చూపిస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అదే రెండు గంటల వేళ ముల్లు మళ్ళీ ఒంటిగంటకు వెనక్కి వస్తుంది. అందువల్ల ఆ మార్చి ఆదివారానికి 23 గంటలే ఉంటాయి, నవంబరు ఆదివారానికి 25 ఉంటాయి. నవంబరు రాత్రి ఒంటిగంటకూ రెండింటికీ నడుమ ఉన్న గంట రెండుసార్లు వస్తుంది గనుక, ఆ వేళ పుట్టిన కవలలలో పెద్దవాడి జననం 1.50 అనీ, ఇరవై నిమిషాల తరువాత పుట్టిన చిన్నవాడిది 1.10 అనీ కాగితం మీద నమోదు కావచ్చు. ఈ ఏర్పాటును అమెరికావారు డేలైట్ సేవింగ్ టైమ్ అనీ, బ్రిటన్‌వారు సమ్మర్ టైమ్, అంటే వేసవి సమయం అనీ అంటారు. మొదటి పేరులో పొదుపు అనే మాట ఉన్నా, ఇందులో ఒక్క నిమిషం వెలుతురైనా అదనంగా మిగలదు. నిద్ర లేవడం, పనికి వెళ్ళడం, దుకాణం తెరవడం అన్నీ పొద్దును బట్టి చూస్తే గంట ముందుకు జరుగుతాయి, గడియారం మీది అంకెలు మాత్రం పాతవే ఉండిపోతాయి. ఒక దేశం మొత్తాన్ని ఒక్కసారిగా పెందలాడే లేపడానికి చేసిన చట్టం ఇది. దీని చరిత్రంతా తెల్లవారుజాము ఎవరిది, సాయంత్రం ఎవరిది అన్న తగవే.

ఈ తగవు భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాలలో పుట్టడానికి కారణం భూగోళంలోనే ఉంది. భూమి అక్షం దాదాపు 23.5 డిగ్రీలు వాలి ఉన్నందువల్ల భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ వేసవి పగలు సాగుతుంది, శీతాకాలపు పగలు కుంచించుకుపోతుంది. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా రెండు గంటల పైచిలుకు మాత్రమే. లండనులో జూన్ నెల పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబరు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. గడియారం జరపకపోతే జూన్‌లో అక్కడ నాలుగింటికి ముందే పొద్దు పొడుస్తుంది, ఊరంతా ఇంకా నిద్రలో ఉండగానే.

గడియారం జరపాలన్న ఆలోచనను 1784లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేశాడని తరచు చెబుతారు. ఆయన ప్యారిస్ పత్రికకు రాసినది కొవ్వొత్తుల ఖర్చు గురించిన వినోద లేఖ. అందులో జనాన్ని పెందలాడే లేవమన్నాడే గాని గడియారం జరపమనలేదు. జరపమని మొదట శాస్త్రసభ ముందు పెట్టినవాడు న్యూజీలాండ్‌కు చెందిన జార్జ్ వెర్నన్ హడ్సన్. వెల్లింగ్టన్ తపాలా కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ, డ్యూటీ దిగాక మిగిలిన వెలుతురులో పురుగులను సేకరించి పరిశీలించిన ఈ కీటక శాస్త్రజ్ఞుడు, వేసవిలో గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరపాలని 1895లో ప్రతిపాదించాడు. తనకు దొరికిన సాయంత్రాలు ఊరందరికీ దొరకాలన్నదే ఆ ప్రతిపాదన సారం.

ఇంగ్లండులో ఇదే పట్టుదలతో జీవితాంతం శ్రమించినవాడు ఇళ్ళు కట్టించే వ్యాపారి విలియం విలెట్. వేసవి ఉదయాలలో గుర్రం మీద తిరిగే ఆయనకు, పొద్దెక్కినా తెరలు దించి ఉన్న ఇళ్ళను చూసి బాధ కలిగింది. 1907లో వెలుతురు వృథాపై ఒక చిన్న పుస్తకం ప్రచురించి, ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, ఆదివారానికి 20 నిమిషాల చొప్పున మొత్తం 80 నిమిషాలు ముందుకు జరపాలనీ, సెప్టెంబరులో అదే విధంగా వెనక్కి తేవాలనీ కోరాడు. మార్పు ఒంటికి తెలియకుండా సాగాలన్న ఈ శ్రద్ధ తరువాతి చట్టాలలో ఎక్కడా కనిపించదు, అది విచారించదగిన విషయమే. 1908లో పార్లమెంటుకు వచ్చిన బిల్లు నెగ్గలేదు. ఆ తరువాతి ప్రయత్నాలూ ఫలించలేదు. 1915లో విలెట్ కన్నుమూశాడు. మరుసటి ఏడే, 1916 ఏప్రిల్ 30 రాత్రి, యుద్ధంలో బొగ్గు ఆదా చేయడానికి జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ గడియారాలను గంట ముందుకు జరిపాయి. మూడు వారాలకు, మే 21న, బ్రిటన్ వాటిని అనుసరించింది. విలెట్ స్మారకంగా పెట్స్ వుడ్‌లో నిలిపిన నీడ గడియారం ఈనాటికీ వేసవి సమయాన్నే చూపుతుంది.

ఈ ఏర్పాటు రైతుల కోసం పుట్టిందన్న నమ్మకం చాలా దేశాలలో ఉంది గాని, చరిత్ర దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. మంచు ఆరితేనే గడ్డి కోతకు వస్తుంది. ముల్లు జరిగినంత మాత్రాన మంచు గంట ముందు ఆరదు, ఆవు గంట ముందు చేపుకు రాదు. కూలీలు మాత్రం గడియారం ప్రకారం వచ్చి గడియారం ప్రకారమే వెళ్ళిపోతారు. 1918లో అమెరికా తెచ్చిన చట్టంలోని ఈ భాగాన్ని, పల్లెల ఒత్తిడి వల్ల, అధ్యక్షుడు విల్సన్ వీటోను సైతం తోసిపుచ్చి 1919లో కాంగ్రెస్ రద్దు చేసింది. 1966 చట్టంతో ఈ ఏర్పాటును పాటించే రాష్ట్రాలన్నిటికీ ఒకే నియమం వచ్చింది.

చమురు కొరత నాటి అనుభవాన్ని ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుచేసుకోవాలి. 1974 జనవరి 6 నుంచి అమెరికా ఏడాది పొడవునా వేసవి సమయమే పాటించాలని నిశ్చయించగా, పిల్లలు చిమ్మచీకటిలో బడికి బయలుదేరవలసి వచ్చి, తల్లిదండ్రుల ఆందోళన పెరిగి, ఆ ఏడు అక్టోబరుకే చట్టాన్ని సవరించారు. 1968 నుంచి 1971 వరకు బ్రిటన్ చేసిన ఇదే ప్రయోగంలో ఉత్తర స్కాట్లండ్‌కు నడి చలికాలంలో పది గంటల ప్రాంతానికి గాని తెల్లవారలేదు. ఇక పొదుపు సంగతి చూస్తే, 2006లో రాష్ట్రమంతా వేసవి సమయానికి మారిన ఇండియానాలో ఇళ్ళ కరెంటు వాడకం దాదాపు ఒక శాతం పెరిగిందని పరిశోధకులు తేల్చారు; దీపాల మీద మిగిలినది ఏసీలు మింగేశాయి. సాయంత్రపు వెలుతురు హాయి నిజమే, కాని దాని మూల్యం చీకటి ఉదయాలలో బడిపిల్లలు చెల్లించారన్నది మరువరానిది.

భారతదేశం కూడా ముల్లు జరిపింది. 1906 జనవరి 1 నుంచి అమలైన భారత ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. కాకినాడకు ఈశాన్యంగా, అన్నవరం, తుని ప్రాంతం మీదుగా అది బంగాళాఖాతంలోకి దిగుతుంది. అంతకుముందు రైళ్ళు నడిచిన మద్రాసు సమయం దీనికి సుమారు తొమ్మిది నిమిషాలు వెనక ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు, దేశమంతటా గడియారాలు గంట ముందు నడిచాయి. పగటి తేడా స్వల్పమైన ఈ నేలకు యుద్ధం ముగిశాక దానితో అవసరం లేకపోయింది.

అయినా తెలుగువారికి ఈ మార్పు పరాయిది కాదు. న్యూజెర్సీకి ఫోను చేసే ఇంట్లో వేసవి తొమ్మిదిన్నర గంటల తేడా చలికాలంలో పదిన్నర అవుతుంది. హైదరాబాదు ఐటీ ఉద్యోగి రాత్రి మీటింగు నవంబరులో గంట ఆలస్యమవుతుంది. పంచాంగం దగ్గర చిక్కు ఇంకా లోతైనది. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, దానికి 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. రాహుకాలమంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది సమ భాగాలు చేయగా వారాన్ని బట్టి వచ్చే ఒక భాగం. సోమవారం అది రెండవది. ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి కుంకుతుందన్న లెక్కతో దాన్ని ఏడున్నర నుంచి తొమ్మిది వరకని కంఠస్థం చేసినవారు, డల్లాస్‌లో జూన్ నెలలో అదే పాటిస్తే పొరపడతారు. అక్కడ అప్పుడు ఉదయం 6.19 ప్రాంతంలో ఉదయించిన సూర్యుడు రాత్రి 8.38 దాకా ఉంటాడు గనుక, రాహుకాలం ఎనిమిది దాటాక మొదలై పదికి కాస్త ముందు ముగుస్తుంది. అదే ఊళ్ళో అక్టోబరు చివరి సోమవారం తొమ్మిదింటి ప్రాంతంలో మొదలయ్యే రాహుకాలం, నవంబరు ఆదివారం ముల్లు వెనక్కి జరిగిన మరునాడు, పొద్దు తన దారిన తాను కొద్ది నిమిషాలే మారినా, ఎనిమిది దాటగానే వచ్చి కూర్చుంటుంది.