మతిమరుపు రక్తంలో వున్నదా?



సంఘం పనిమీద ఇళ్ళకు వెళ్ళినప్పుడు మాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "దాదీమా కన్నకొడుకునే గుర్తుపట్టడం లేదు. ఈ జబ్బు మా రక్తంలోనే వుందా? తెలిస్తే పిల్లకు సంబంధం కుదురుతుందా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. దానికి జవాబు ఈవేళ అందరి ముందూ చెప్పదలిచాము.

1906లో జర్మనీ వైద్యుడు ఆల్జైమర్ మొదట వివరించిన ఈ జబ్బులో వంశం పాత్ర రెండు విధాలుగా వుంటుంది.

మొదటిది బహు అరుదు. రోగులలో నూటికి ఒక్కరికి కూడా వుండదు. మూడు జన్యువులలో ఏదో ఒకటి చెడి, సాధారణంగా 65 ఏళ్ళ లోపే జబ్బు కనబడుతుంది. తల్లికో తండ్రికో ఆ దోషముంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

రెండవది 1993లో బయటపడింది. దాని పేరు 'అపోఇ' జన్యువు. ఇందులో 2, 3, 4 అని ముఖ్యమైన రకాలు మూడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి మనకు వస్తాయి. నాలుగో రకం ఒకటి వుంటే ముప్పు సుమారు మూడింతలు. రెండూ అవే అయితే పదింతల దాకా. అయినా అది వున్నవారందరికీ జబ్బు రాదు, లేనివారికి రాదనీ కాదు. అది నొసటి రాత కాదండీ, హెచ్చరిక మాత్రమే.

ఇప్పుడు అనేక జన్యువులను కలిపి ముప్పును అంకెలలో చెప్పే పరీక్షలు కూడా వచ్చాయి. ఆ లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతి వారిని చూసి కట్టినవి. మనకు అవి అచ్చంగా సరిపోతాయని నమ్మకూడదు. డాక్టరు సలహా లేకుండా డబ్బు పోసి భయాన్ని కొని తెచ్చుకోకండి.

మన చేతిలో వున్నది కూడా తక్కువేమీ కాదు. రక్తపోటు, షుగరు, పొగ, చెవుడు, చదువు లేకపోవడం, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిదిద్దగలిగితే, ప్రపంచంలో మతి పోయే జబ్బులు నూటికి 45 వంతులు తప్పించడమో వెనక్కు నెట్టడమో సాధ్యమని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు తేల్చారు.

కనుక దాదీమాను గదిలో దాచకండి. డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, బి-12 లోపాల వల్ల వచ్చే మరుపు మందులతో నయం కావచ్చు. ముసలితల్లి మరుపును చూసి మనుమరాలి పెళ్ళి ఆపడం మాత్రం మన సంఘంలో జరగనివ్వకూడదని మా మనవి.