ఉల్లిపాయ రొండిన, పెద్దాయన ఆస్పత్రిలో

మాచర్లవాళ్లకి ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? రెంటచింతల మన పక్కనే. అందుకని సూటిగా ఉల్లిపాయ దగ్గరికి వస్తాను. అది తేలేదాకా ఇంకో మాట ఎత్తను.

ఒక రోహిణి కార్తెలో ఓ పెద్దాయన్ని ఆటోలో తెచ్చారు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు. కన్నకొడుకుని పట్టుకుని ‘ఎవరు బాబూ నువ్వు?’ అంటున్నాడు. జ్వరం చూస్తే 106. పంచె వదులు చేస్తుంటే రొండిన ఏదో గట్టిగా తగిలింది. ఉల్లిపాయ! ‘ఇల్లు కదలనివ్వలేదండీ డాక్టరుగారూ, వడదెబ్బ తగలకుండా ఉల్లిపాయ కూడా పెట్టాం’ అంది కోడలు. నవ్వకండి, మీలో ఎందరి జేబుల్లో ఉన్నాయో నాకు తెలుసు. అమ్మా, ఆ ఉల్లిపాయ నిక్షేపంగా ఉంది, మనిషే వడిలిపోయాడు! ఒంట్లో వేడి చర్మం మీదుగా, చెమట ఆరడం వల్ల పోవాలిగానీ జేబులోకి ఎలా పోతుంది? తరిగి మజ్జిగలో వేసుకోండి, కాదనను. మజ్జిగైనా కడుపులో పడుతుంది.

‘ఇల్లు కదలనివ్వలేదు’ అందే, ప్రాణం మీదికి తెచ్చేది ఆ ధీమా. ముసలివాళ్లకి వడదెబ్బ రేకుల ఇంట్లో, మంచం మీదే తగులుతుంది. వయసు మీదపడ్డాక ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం తెలియదు, చెమటా సరిగా పట్టదు. పైగా బీపీకి, గుండెకి వాడే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ పోయిస్తాయి. ‘నాన్నా, దాహమేస్తోందా?’ అని అడిగితే లేదనే అంటాడు. అడగొద్దు. గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా అక్కడే నిలబడండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానిపించకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చో వేసవి ముదరకముందే డాక్టరునడగండి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు.

టైమైందంటున్నారు, గబగబా చెప్పేస్తా. గది కాగిపోయాక ఉత్త ఫ్యాను వేడిగాలే విసురుతుంది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి అప్పుడు వేయండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, చిటికెడు చిటికెడు కాదు. మాట తడబడినా, మనిషిని పోల్చుకోలేకపోయినా 108కి ఫోన్ చేయండి. వాళ్లొచ్చేలోగా ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి. ఈ వేడికి పారాసెటమాల్ పనిచేయదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

ఆ వెనక చేయెత్తినాయన... మామిడిపండు వేడి చేస్తుందా అనేగా? కూర్చోండి.