‘లేదు’ అని నిరూపించగలమా?

"ఉంది అని నిరూపించొచ్చు గానీ, లేదు అని ఎవరూ నిరూపించలేరు." ఈ మాట రీసెర్చ్ చేసేవాళ్ళ నోట కూడా వింటుంటాం. నిజమేనా? సగమే నిజం అంటాను నేను.

ముందు లెక్కలు చూద్దాం. రూట్ 2కి సమానమైన భిన్నం లేదు. ఇది ‘లేదు’ అనే మాటే కదా! టెన్త్‌లోనే నిరూపించేశాం. అలాంటి భిన్నం ఉందనుకుని, దాన్ని కనిష్ఠ రూపంలో రాస్తాం. తీరా చూస్తే లవం, హారం రెండూ సరిసంఖ్యలే అని తేలుతుంది. అంటే అది కనిష్ఠ రూపం కాదు. వైరుధ్యం! ఒక్కో భిన్నాన్నీ వెతకక్కర్లేదు.

బయటి ప్రపంచంలో అంత ఈజీ కాదు. మన కలివికోడి సంగతే తీసుకోండి. 1900 తర్వాత కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అది రాత్రిళ్ళు తిరిగే పిట్ట, ఉండేది ముళ్ళపొదల్లో. పగలు ఎంత వెతికితే ఏం లాభం? ‘కనబడలేదు’ అన్నది నిజం, ‘లేదు’ అన్నది తప్పు. తర్వాత దాని కోసమే తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ‘లేదు’ దగ్గరే ఆగిపోయుంటే?

మరి సైన్సులో ‘లేదు’ అనే మాటకి విలువే లేదా? ఉంది. 1887లో మైకెల్సన్, మోర్లీ ఏం చేశారు? ఈథర్ గుండా భూమి కదులుతుంటే కాంతి చారలు ఎంత జరగాలో ముందే లెక్కగట్టారు. అందులో ఇరవయ్యో వంతు జరిగినా పట్టేసేంత సున్నితమైన పరికరం వాళ్ళది. అయినా ఆ జరుగుదల కనబడలేదు. ఉంటే కచ్చితంగా దొరికే చోట, దొరికే పద్ధతిలో వెతికారు. అందుకే ఆ ‘లేదు’కి అంత బలం. నూటికి నూరుపాళ్ళు కాకపోయినా, గట్టి ఆధారమే.

నాకిది దెబ్బ తిన్నాకే అర్థమైంది. జాబ్‌లో చేరిన కొత్తలో టెస్టులన్నీ పాసయ్యాయని "బగ్స్ లేవు" అని మెయిల్ పెట్టేశా. ఆ రాత్రే కొందరు కస్టమర్లకి డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి. నేను ఒక్క యూజర్‌తోనే టెస్ట్ చేశాను. ఇద్దరు ఒకేసారి నొక్కితే? అది చూడనేలేదు. "వీటిల్లో బగ్ దొరకలేదు, ఇవి చూడలేదు" అని రాసుండాల్సింది.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఆధారం దొరకలేదు, కాబట్టి లేదు" అంటే రెండే ప్రశ్నలు అడగండి. ఎక్కడ వెతికారు? ఉండుంటే, ఆ వెతుకులాటలో దొరికేదేనా?