వదంతులు – చట్టము



ఊరికి జాడ్యము వచ్చుటకు ముందే వదంతి వచ్చును. నిప్పు లేనిదే పొగ రాదని తలంచి, మనము దానిని వెంటనే నమ్ముదుము. 2020వ సంవత్సరమున కరోనా వ్యాపించుచున్న తరుణమున, కోడిమాంసము తినినవారికి ఆ వ్యాధి సోకునని పుకారు పుట్టెను. జనులు కొనుట మానిరి; కోళ్లను పెంచువారు నష్టపడిరి. ఆ భయమును పోగొట్టుటకై ఫిబ్రవరి మాసమున హైదరాబాదులో తెలంగాణ మంత్రులు బహిరంగ వేదికపై కోడిమాంసము తిని చూపవలసి వచ్చెను. మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచినపుడు, ఆ నిర్బంధము మూడు మాసములకు మించి యుండునను అబద్ధపు వార్త వలన కూలివారు భీతిల్లి పట్టణములను విడిచిరని మార్చి 31వ తేదీన సుప్రీంకోర్టు పేర్కొనెను.

ఇట్టి వార్తలను పుట్టించుటయే కాదు, వ్యాపింపజేయుటయు నేరమే. విపత్తును గూర్చి గాని దాని తీవ్రతను గూర్చి గాని అబద్ధపు హెచ్చరికను వ్యాపింపజేసి కలవరము కలిగించువారికి, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము 54వ సెక్షను ప్రకారము ఒక సంవత్సరము వరకు కారాగారము గాని, జుల్మానా గాని విధింపవచ్చును. ప్రజలను భయపెట్టి శాంతిభంగమునకు పురికొల్పు తప్పుడు వార్తలకు, 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షను క్రింద మూడు సంవత్సరముల వరకు కారాగారము గాని, జుల్మానా గాని, రెండును గాని కలవు.

అయితే ఒక సంగతి మరువరాదు. నిజమని నమ్ముటకు తగిన ఆధారము కలిగి, దురుద్దేశము లేక, సద్బుద్ధితో చెప్పినవానిని ఈ 353వ సెక్షనే నేరస్థునిగా ఎంచదు. ప్రాణవాయువు దొరకలేదని, పడకలు లేవని మొరపెట్టుకొను ప్రజలపై, అది తప్పుడు వార్త యను నెపమున చర్య తీసికొనరాదని 2021 ఏప్రిల్ 30వ తేదీన సుప్రీంకోర్టు హెచ్చరించెను. కావున మన వీధిలో జ్వరములు హెచ్చినవని వైద్యశాలకు తెలుపువానిని, ఊరికి చెడ్డపేరు తెచ్చుచున్నాడని గద్దింపరాదు. వాని నోరు మూసినచో జాడ్యము దాగి పెరుగును.

పెద్దలారా! రచ్చబండ వద్ద మీరు పలికిన మాటను పదిమంది నమ్ముదురు. ఏదేని వార్త చెవిని బడినపుడు, ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి, వైద్యుడేమనెను అని విచారింపుడు. తెలియువరకు దానిని మరియొకరికి చెప్పకుడు. చేతిలోని ఫోనునుండి మరియొకరికి పంపకుడు. చట్టము శిక్షించునది కీడు జరిగిన పిమ్మట. మీ విచారణ ఆ కీడును ముందే ఆపగలదు.

సెలవు.