లెక్కలు క్లౌడుకు పోతే బాధ్యత ఎక్కడికి పోతుంది?

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ తరగతిలో కంప్యూటరు ముచ్చట దేనికని మీలో కొందరు అడిగారు. సమాధానం మన కౌంటరు మీదనే ఉన్నది. 2025 ఆగస్టు నాటికి దేశంలోని లక్షా అరవై వేలకు పైబడిన తపాలా కార్యాలయాలు ఏ.పి.టి. అనే నూతన వ్యవస్థలోకి మారాయి. అది ప్రభుత్వపు మేఘరాజ్ క్లౌడుపై నడుస్తున్నది. రైల్వేలో మన సర్వీసు రికార్డులు, పాసులు కూడ కంప్యూటరుకెక్కాయి.

క్లౌడు ఆకాశంలో లేదు. మన లెక్కలను ఎక్కడో ఒక భవనంలో, వేరొకరి నిర్వహణలోని కంప్యూటర్లలో ఉంచి, ఇక్కడినుండి వాడుకోవడమే క్లౌడు. దానిని మనం వ్యతిరేకించడం లేదు. అయితే ఆ భవనానికి ఏమైనా అయితే మన గతి ఏమిటని అడిగే హక్కు మనకున్నది.

రెండు ఉదంతాలు చెబుతాను. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలో ఆరు లక్షలకు పైగా సభ్యులున్న యూనిసూపర్ పింఛను నిధి ప్రైవేట్ క్లౌడును, అమరికలో దొర్లిన పొరపాటు వల్ల, గూగుల్ క్లౌడు తుడిచివేసింది. సభ్యులు రోజుల తరబడి తమ ఖాతా చూసుకోలేకపోయారు. అయినా నిధి నిలిచింది. మరొక సంస్థ వద్ద దాచి ఉంచిన ఇంకొక ప్రతి అందుకు తోడ్పడింది.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ కంప్యూటర్ల కేంద్రంలో బ్యాటరీల నుండి మంటలు లేచాయి. 709 వ్యవస్థలు ఆగిపోయాయి. పండుగ ముందు తపాలా, తపాలా బ్యాంకు సేవలు స్తంభించాయి. ఉద్యోగులు తమ పత్రాలు దాచుకునే 'జి-డ్రైవ్' పూర్తిగా కాలిపోయింది. దానికి బయట మరొక ప్రతి లేదు. అక్కడ భవనం పరాయి కంపెనీది కాదు, ప్రభుత్వానిదే. కనుక యజమాని ఎవరన్న ప్రశ్న ఒక్కటే చాలదు.

మరి ఏమి అడగాలి? మొదటిది, రెండవ ప్రతి వేరొక ఊరిలో, వేరొకరి అధీనంలో ఉన్నదా? రెండవది, దాని నుండి లెక్కలను తిరిగి తెచ్చి ఎన్నడైనా పరీక్షించారా? విప్పి చూడని మూటలో ఏమున్నదో ఎవరికి తెలుసు? మూడవది, ఒప్పందం ముగిస్తే మన లెక్కలు మనకు అక్కరకు వచ్చే రూపంలో తిరిగి ఇస్తారా? నాలుగవది, వ్యవస్థ ఆగిననాడు కౌంటరులోని ఉద్యోగి చేతితో ఏ రశీదు వ్రాయాలి, ఎవరికి తెలపాలి? దీనికి లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఉన్నదా?

ఈ నాల్గవ ప్రశ్నే మనకు ప్రాణం. బ్రిటన్ తపాలా శాఖలోని హొరైజన్ వ్యవస్థ క్లౌడు కాదు. కాని దాని తప్పుడు లెక్కలను నమ్మి 1999 నుండి 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లను దొంగలుగా శిక్షించారు. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో గాని రాలేదు. యంత్రం తప్పదని అధికారులు నమ్మినప్పుడు తప్పు మనిషి నెత్తిన పడుతుంది.

కనుక ప్రతి శాఖ ఈ నాలుగు ప్రశ్నలను వ్రాతపూర్వకంగా పాలకవర్గం ముందుంచాలి. వ్యవస్థ ఆగిన ప్రతిసారి తేదీ, వేళ, నిలిచిన పని పుస్తకంలో నమోదు చేయాలి. రేపు సంజాయిషీ అడిగిననాడు మనకు సాక్ష్యం ఆ పుస్తకమే.